ఏడడిగావు, మూడే పంపుతున్నాను

బిడ్డా,

ఈ కాగితం నీకు గులాబీల గుల్దాన్ కడుపులో, అదే ఆ పూలకూజాలో, దొరుకుతుంది. ఆదివారం కారు తెస్తానని అల్లుడు అన్నాడు కదా, అతని ముందు చెప్పలేని మాట ఒకటుంది. ఫోన్లో చెబుదామంటే నువ్వు మీటింగు మధ్యలో "సాయంత్రం చేస్తా నాన్నా" అంటావు, సాయంత్రం చిన్నోడు ఫోను లాక్కుంటాడు. అందుకే రాస్తున్నాను. చదివాక దాచుకో, పారెయ్, నీ ఇష్టం. ఫ్రిజ్ మీద మాత్రం అంటించకు.

ముందు లెక్క. నువ్వు ఏడు గుల్దాన్లు అడిగావు. మూడు పంపుతున్నాను. అలిగే ముందు మొత్తం చదువు.

మీ ఇంటీరియర్ అబ్బాయి గీసిన బొమ్మ వాట్సాప్‌లో పంపావు చూడు, దాన్ని నేనూ మీ అమ్మా మూడు రోజులు చూశాం. హాల్లో ఒక గోడంతా గూళ్లు. ఏడు గూళ్లు, ఏడు గుల్దాన్లు, ఒక్కోదాని నెత్తిన ఒక్కో చిన్న లైటు. అబ్బాయి పనిమంతుడే, గీత శుభ్రంగా ఉంది. కానీ నాకు బంగారం కొట్టు గుర్తొచ్చింది. మీ అమ్మయితే "కొలువు పెట్టినట్టుంది, పేరంటానికి ఎవర్ని పిలుస్తారట?" అంది. బొమ్మల కొలువునైనా పండగ దాటాక ఎత్తేస్తాం. దీనికి ఏడాది పొడుగునా దుమ్ము తుడవాలి.

నాకీ పిచ్చి ఎక్కడ పట్టిందో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. అందరూ జుమ్మేరాత్ బజార్‌లో, ఆ పాత సామాన్ల సంతలో, అనుకుంటారు. అంతకు ముందే పట్టింది, కరెంటు స్తంభం పుణ్యాన. కరెంటు డిపార్ట్‌మెంటులో చేరిన కొత్తలో నన్ను స్టోర్‌లో వేశారు. అక్కడ పింగాణీ ఇన్సులేటర్లు గుట్టలుగా ఉండేవి. 11 కేవీ లైన్‌కు వాడే పిన్ను రకం, పెద్ద లైన్లకు దండలాగా వేలాడే డిస్కు రకం. ముదురు గోధుమ రంగు, పైన అద్దంలాంటి మెరుగు. ఆ మెరుగు ఎందుకంటే, దుమ్ము గట్టిగా అంటుకోకుండా వానకు కడుక్కుపోవాలి. మురికి పేరుకుని తడిసిందంటే దాని మీదుగా కరెంటు పాకి ఫ్లాష్ కొడుతుంది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మా స్టోర్ కీపర్ ఒక్కోదాన్నీ చిన్న కర్రసుత్తితో తట్టి వినమనేవాడు. బాగున్నది 'టింగ్'మని సాగుతుంది. కంటికి కనపడని బీట ఉన్నది 'టప్'మని ఆగిపోతుంది. ఎండాకాలం కుండ కొనేటప్పుడు మీ అమ్మ వేలు మడిచి కొట్టి చూస్తుందే, అదే విద్య. రెండేళ్లు తట్టితట్టి చెవికి అలవాటైపోయింది. ఇరానీ హోటల్‌కు వెళ్లినా ముందు కప్పు తట్టాకే చాయ్ తాగేవాణ్ణి. అల్లుడి వాళ్లింటికి సంబంధం మాట్లాడటానికి వెళ్లినప్పుడు కూడా టీ కప్పును గోటితో తట్టానని మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అప్పట్లో గురువారం నాకు వీక్లీ ఆఫ్. జుమ్మేరాత్ అంటే గురువారమే కదా. పురానాపూల్ దగ్గర తెల్లవారకముందే చద్దర్లు పరిచేవాళ్లు. తాళాలు లేని తాళంచెవులు, గడియారాల పొట్టలు, ఒంటి చెప్పులు, గ్రామఫోన్ బూరలు. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక గుల్దాన్. పాత దేవిడీలు, అంటే నవాబుల కాలపు భవంతులు, కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్న రోజులవి. మొదటిది 1987లో 60 రూపాయలకు కొన్నాను. ఆ నెల పాలవాడికి బాకీ పడ్డాం. అమ్మేవాళ్లందరిదీ ఒకటే పాట, "నిజాం సాబ్ కే ఘర్ కా మాల్ హై" అని. వాళ్లు చెప్పిందంతా నిజమే అయితే, ఒట్టి గుల్దాన్లు పెట్టుకోవడానికే ఆయనకు ఫలక్‌నుమా ప్యాలెస్‌లు ఇంకో రెండు కావలసి వచ్చేవి. ఈ 'గుల్దాన్' అన్న మాట కూడా అక్కణ్ణుంచే మనింటికొచ్చింది. అల్లుడు వాజ్ అంటాడు, అననీ.

మీ అమ్మకు మొదట్లో ఇవంటే గిట్టేది కాదు. "ఎవరింట్లోదో, ఎవరు పోతే అమ్ముకున్నారో" అని గుమ్మం బయటే పసుపునీళ్లతో కడిగించేది. ఇప్పుడు తనే అడ్డం పడింది. మిగతా నాలుగూ ఇవ్వనన్నది నేను కాదు బిడ్డా, మీ అమ్మ. పొట్టి ఆకుపచ్చదాంట్లో ఇంటి తాళాలు వేస్తుంది. అంచు పెచ్చులూడినదాంట్లో గ్యాసు బిల్లులు, మందుల చీటీలు. సన్నదాంట్లో దేవుడి దగ్గర అగరుబత్తీలు. గుండ్రటిదాంట్లో ఏముందో నాకూ తెలియదు, నన్ను చెయ్యి పెట్టనివ్వదు, చిల్లరని నా అనుమానం. వాటిల్లో ఒక్కటి తీసినా తనకు రోజు గడవదు. కాబట్టి వాటిని మర్చిపో.

ఇక నీకొచ్చే మూడు.

నీలంది జైపూర్‌ది. 1994 నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో రాజస్థాన్ స్టాల్లో కొన్నాం, అప్పుడు నువ్వు నా భుజం మీద నిద్రపోతున్నావు. దాన్ని తట్టి చూసి భయపడకు, అది టింగ్ అనదు. అసలది మట్టిది కాదు. పలుగురాతి పొడి, గాజు పొడి, కాస్త ముల్తానీ మట్టి, జిగురు కలిపి ముద్ద చేసి అచ్చులో వేస్తారు. మన కుమ్మరి మట్టికున్న సాగుడు ఆ ముద్దకు ఉండదు. పింగాణీని 1300 డిగ్రీల దాకా కాలుస్తారు, దీన్ని 800 దగ్గర ఒక్కసారి కాల్చి వదిలేస్తారు. ముదురు నీలం కోబాల్టు, ఆకుపచ్చ కలిసిన లేత నీలం రాగి. పోయిన శతాబ్దం సగానికి వచ్చేసరికి ఆ పని దాదాపు ఆగిపోతే, కృపాల్ సింగ్ షెకావత్ అనే చిత్రకారుడు మళ్లీ నిలబెట్టారు. ఇందులో నేరుగా నీళ్లు పోయొద్దు. తాజా పూలు పెట్టాలనుకుంటే లోపల స్టీలు గ్లాసు దించి అందులో పొయ్యి. బయటికి కనపడదు.

పొడుగు మెడది జపాన్‌ది. దీన్ని అమ్మినవాడు 200 ఏళ్లన్నాడు. అడుగున చూడు, 'మేడిన్ జపాన్' అని ఎర్ర ముద్ర ఉంది. దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో రాసి ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. దాంతో 1891 నుంచి జపాన్ వాళ్లు తమ భాషలోని పేరు 'నిప్పాన్' అని రాసేవాళ్లు. 1921లో అదీ కుదరదు, ఇంగ్లీషు పేరే ఉండాలన్నారు. అందుకే 'జపాన్' అని ఉన్న సరుకు మామూలుగా ఆ తర్వాతదే అయి ఉంటుంది. 200 ఏళ్లదని ఎవరికీ చెప్పకు, ఎవరైనా తెలిసినవాళ్లుంటే పరువు పోతుంది. ఆ ముద్ర చదవడం నాకొచ్చేసరికి డబ్బులిచ్చి ఆరేళ్లయింది.

కానీ అది చేత్తో వేసిందే. ముందు తెల్లగా కాల్చి మెరుగు పెట్టి, ఆ మెరుగు మీద రంగులద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. అందుకని రంగు పైకి తేలి ఉంటుంది. కళ్లు మూసుకుని వేలితో రాసి చూడు, రేకు అంచు చర్మానికి తగులుతుంది. దాని మీద చామంతులు పన్నెండున్నాయి. ఏ రెండూ ఒకలా లేవు. పైనుంచి లెక్కపెడితే ఏడోదాని దగ్గర గీత లావైంది, రెండు రేకులు కలిసిపోయాయి. నేను ఎన్నోసార్లు అక్కడే ఆగిపోతుంటాను. ఆ పనిచేసిన మనిషి ఎవరో, చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది, లేదా పక్కనున్నవాళ్లు పిలిచి ఉంటారు. ఎనిమిదోది మళ్లీ సన్నగా, తేటగా ఉంది. మధ్యలో లేచి చాయ్ తాగి వచ్చినట్టు.

వెనకవైపు ఒక పిట్ట ఉంది. చిన్నది, గోరంత. నువ్వు చూశావో లేదో. అందుకే ఆ గూళ్లు నాకు నచ్చలేదు. ఈ గుల్దాన్లకు చుట్టూ బొమ్మలుంటాయి. గూట్లో పెడితే పిట్ట గోడకేసి చూస్తూ కూర్చుంటుంది, జీవితాంతం.

ఇప్పుడు మూడోది. గులాబీలది. నీకిష్టమైనది.

నువ్వు ఐదో తరగతిలో ఉండగా స్కూల్లో 'మా ఇంటి వస్తువు' అని మాట్లాడమంటే దీని గురించే చెప్పావు. ఇంగ్లండు నుంచి వచ్చిందని, నూరేళ్లదని, ఎవరో దొరసాని కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో గులాబీ చేత్తో వేసిందని. అదంతా నేను చెప్పిందే. నీకే కాదు, మీ మామగారికీ అత్తగారికీ చెప్పాను, మా ఆఫీసులో సగం మందికి చెప్పాను. మొన్న శుక్లాల ఆపరేషన్ అయ్యాక పేపర్ చదవడానికి భూతద్దం కొన్నాను కదా. కొత్త కన్ను వచ్చిన సంతోషంలో ఇంట్లో ఉన్నవన్నీ చూస్తూ పోయాను. గులాబీల దగ్గరికొచ్చేసరికి రేకుల్లో చుక్కలు కనిపించాయి. పేపర్లో ఫోటోను దగ్గరగా చూస్తే కనిపిస్తాయే, వరసగా సన్న చుక్కలు, అలాంటివి. కుంచెతో వేస్తే చుక్కలు రావు. తిప్పి చూశాను. ముందు గులాబీ, వెనక గులాబీ అచ్చం ఒకటే. రెండింటి పక్కా ఉన్న ఆకుకు ఒకేచోట పురుగు కొరికిన చిల్లు. ఏ పురుగూ అంత లెక్కగా కొరకదు.

అచ్చు బొమ్మ అది బిడ్డా. కాగితం మీద అచ్చేసిన బొమ్మను నీళ్లలో నానబెట్టి, పింగాణీ మీదికి జార్చి, పొంగు లేకుండా తుడిచి కాలుస్తారు. నీ చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో టాటూ వచ్చేది, తడిచేసి చేతికి అంటించుకునేదానివి, అదే పద్ధతి. అంచున బంగారు గీత ఒక్కటే చేత్తో వేసింది. మొదలూ చివరా కలిసేచోట కాస్త మందం ఉంది, చూడు.

నాకు రెండు రోజులు అన్నం సరిగ్గా సహించలేదు. దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను. గోడవైపు తిప్పినా అదే గులాబీ, ఇంకేం లాభం? మీ అమ్మ నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది. అచ్చు బొమ్మయితే ఏం, అందం ఎక్కడికి పోయిందని నువ్వనొచ్చు. నా మటుకు నాకు కొంత పోయింది, అబద్ధమెందుకు. ఇప్పుడు దాని ముందు ఆగబుద్ధి కావడం లేదు, నా కాళ్లు జపాన్‌దాని ఏడో పువ్వు దగ్గరికే పోతున్నాయి. నీ సంగతి వేరు. నువ్వు అందులో రెండు రూపాయల బిళ్లలు దాచుకునేదానివి, ఒకసారి చెయ్యి ఇరుక్కుని సబ్బునీళ్లు పోస్తేగానీ రాలేదు. అందుకే నీకే పంపుతున్నాను. ఎవరైనా అడిగితే మా నాన్న మోసపోయిన గుల్దాన్ అని చెప్పు, ఒప్పుకుంటాను. మీ అత్తగారితో మాత్రం నేనే ఏదో ఒకరోజు చెబుతాను. నువ్వు తొందరపడకు.

దాని ఎడమ పిడి ఒకసారి ఊడింది. అరల్‌డైట్‌తో అతికించాను. పిడి పట్టుకుని ఎత్తొద్దు, కింద అరచెయ్యి పెట్టి ఎత్తు. ఎండ తగిలేచోట పెట్టకు. కాల్చిన రంగులకు ఎండ ఏమీ చెయ్యదు గానీ, ఎండకూ వేడికీ జిగురు పసుపెక్కుతుంది, పట్టు తప్పుతుంది.

నిన్నూ నన్నూ చూస్తే ఒకటి గుర్తొస్తుంది. నీకు ఎనిమిదేళ్లప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లాం. పన్నెండు గంటలకు గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గర ఇసక వేస్తే రాలనంత జనం. ముసుగు రెబెక్కా శిల్పం దగ్గర అంతకంటే ఎక్కువ. పింగాణీ గదుల్లో నువ్వూ నేనూ కాపలా ఆయనా. చైనాలో చేసిన పాచిరంగు పళ్లాలు చూపించి, వీటిలో విషం పెడితే రంగు మారుతుందని పూర్వం నవాబులు నమ్మేవాళ్లని చెప్పాను. ఆ రాత్రి కాకరకాయ కూర వడ్డిస్తే నువ్వు "పళ్లెం రంగు మారింది" అని తోసేశావు. బయటికొస్తూ ఒకటడిగావు. "ఇవన్నీ ఆయనింట్లో ఎక్కడ పెట్టుకున్నాడు నాన్నా?" అని. ఆయనంటే మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1912లో 23 ఏళ్లకే నిజాంకు దివాన్, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు, రెండేళ్లకు ఆ పదవి వదిలాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయేదాకా వస్తువులు కొంటూనే ఉన్నాడు. ఆ తర్వాత 1951లో ఆయన దివాన్ దేవిడీలోనే మ్యూజియం పెట్టారు, ఇప్పుడున్న భవనానికి 1968లో మార్చారు. అప్పుడు నీకేం జవాబు చెప్పానో గుర్తు లేదు. ఇప్పుడు మీ ఇంటీరియర్ అబ్బాయి బొమ్మ చూస్తే నువ్వడిగిన ప్రశ్నే నాకూ వస్తోంది.

మూడూ మూడు చోట్ల పెట్టు. ఒకే గదిలో రెండు వద్దు, ఒకదాన్ని చూస్తుంటే ఇంకోటి కన్ను లాగుతుంది. జపాన్‌దాన్ని నువ్వు పొద్దున కాఫీ తాగే కిటికీ పక్కన, కర్ర బల్ల మీద పెట్టు. లైటు నెత్తి మీద నుంచి పడితే మూతి మెరుస్తుంది, పొట్ట చీకట్లో ఉంటుంది. పక్కనుంచి వచ్చే వెలుతురుకే కుంచె గీత తెలుస్తుంది. నెలకోసారి పావు వంతు తిప్పుతూ ఉండు, పిట్ట వంతు కూడా వస్తుంది. జైపూర్‌ది తెల్లగోడ ముందు పెట్టు, ఆ పూలపూల వాల్‌పేపర్ ముందు పెడితే రెండూ కొట్టుకుంటాయి. గులాబీలది నీ పడగ్గదిలోకి పోనీ.

నల్లగండ్లలో మీ పద్నాలుగో అంతస్తు గాలి సంగతి మర్చిపోకు. బాల్కనీ తలుపు తీస్తే కర్టెన్ కొస చాలు, గుల్దాన్‌ను పడెయ్యడానికి. పొడుగు మెడదాంట్లో అడుగున గుప్పెడు ఇసుక చిన్న గుడ్డసంచిలో కట్టి వేశాను, తీయకు. చిన్నోడి చెయ్యి ఎంత ఎత్తు అందుతుందని కొలిచి, దాని మీద కుర్చీ ఎత్తు కూడా కలుపుకో. వాడు మా ఇంట్లో కుర్చీ లాక్కుని స్విచ్‌బోర్డు దాకా ఎక్కాడు. ఇంకోటి, పాత రంగుల్లో, మెరుగుల్లో సీసం వాడేవాళ్లు. పూలకు పర్వాలేదు. తినేవి, తాగేవి వాటిలో వేయొద్దు, వాణ్ణి నాకనివ్వొద్దు. కడగడానికి విమ్మూ పీచూ వద్దు, బంగారు గీత అన్నిటికంటే ముందు పోతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. పనమ్మాయికి చెప్పడం మర్చిపోతావు, కాబట్టి నువ్వే చెయ్యి.

పూల సంగతి మీ అమ్మ శాఖ. బతుకమ్మకు తెచ్చిన గునుగు ఒక కట్ట మిగిల్చి, తలకిందులుగా కట్టి నీడన ఆరబెట్టింది. జైపూర్‌దాంట్లోకి అదే, నీళ్ల పనే లేదు, నెలల తరబడి ఉంటుంది. తంగేడు పెట్టకు, సాయంత్రానికి ఇల్లంతా రాలుతుంది. జపాన్‌దాని మూతి ఇరుకు, ఒక్క లిల్లీ కొమ్మ చాలు, రాత్రికి వాసన దానంతటదే వస్తుంది. ఎప్పుడైనా గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోతే తెల్లవారుజామునే పో, లేటయితే మిగిలేవి నలిగినవే. గులాబీలదాంట్లో గులాబీలు మాత్రం వద్దు, అచ్చు బొమ్మ వెలవెలబోతుంది. ఉట్టి ఆకులు పెట్టు. ప్లాస్టిక్ పూలు కనిపించాయంటే మూడూ వెనక్కి తెచ్చేసుకుంటాను.

కారులో సీటు మీద కాకుండా కింద, ముందు సీటు వెనక పెట్టమని అల్లుడికి చెప్పాను. నల్లగండ్ల దాకా స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో అతనికి తెలుసు. పేపర్ సరిపోదని మీ అమ్మ తన పాత నూలు చీరల్లో చుట్టింది, ఒక్కోదానికి రెండు చొప్పున. విప్పాక చీరలు పారెయ్యకు. ఆరూ లెక్కపెట్టి పంపమంది. అందులో రెండు ఇంకా కడుతుందట.

మీ నాన్న